డల్లాస్ చలిలో ఒక కుళాయి

మద్రాసు వాళ్ళకి చలి అంటే తెలియదని మా విజయవాడ చుట్టాలు ఎప్పుడూ వేళాకోళం చేస్తుంటారు. కాదనలేం. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వెయ్యడానికి వాకిట్లోకి రావాలంటే చెవులకి మఫ్లరు చుట్టుకునే ఊరు మాది. ఇరవై డిగ్రీలకి దిగిందంటే చాలు, పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి మామి దాకా అందరికీ అదే కబురు. పేరు చెన్నై అయి పాతికేళ్ళు దాటినా మా ఇంట్లో ఇంకా మద్రాసనే అంటాం. చలిని ఇంకా ముచ్చటగానే చూస్తాం.

అలాంటి మేమిద్దరం, నేనూ మావారూ, 2021 ఫిబ్రవరిలో మైనస్ 19 డిగ్రీల చలిలో, కరెంటు ఉండీ లేని ఇంట్లో, నెల నిండని పసిగుడ్డుతో మూడు రాత్రులు గడిపాం. ఆ వారం చివర ఇంటి కప్పు కొంత ఊడి కింద పడింది కూడా. ఇదంతా అలాస్కాలోనో కెనడాలోనో అయితే చెప్పుకోవడానికేం లేదు. టెక్సాస్‌లో జరిగింది, అదీ విశేషం. ఆ కప్పు పడడంలో నా చెయ్యి కూడా ఉంది. అది ఇంట్లో వాళ్ళకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మాయికి జనవరి చివర పురుడు. కరోనా రోజులు. వెళ్ళాలా వద్దా అని నెల రోజులు తర్జనభర్జన పడి, చివరికి 2020 నవంబరులో మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ షీల్డులు తగిలించుకుని విమానం ఎక్కాం. పెట్టెల నిండా బాలింత కాయం, వాము, వసకొమ్ము, సాంబ్రాణి, పాత నూలు చీరలు. స్వెట్టర్లు చెరొకటి. “డల్లాసేగా, చలేం ఉండదులే” అన్నారు మావారు.

అమ్మాయి వాళ్ళుండేది ప్లేనోలో. డల్లాసుకి ఉత్తరాన ఇరవై మైళ్ళ దూరం. కొండా గుట్టా లేని చదును నేల, ఎటు చూసినా ఆకాశం. ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్ ఊళ్ళలో కూరగాయల కొట్టుకి వెళితే గోంగూర కట్టలూ దొండకాయలూ కనిపిస్తాయి. డబ్బు కట్టే చోట వెనక నిలబడ్డవాళ్ళ యాస విని ఏ జిల్లా వాళ్ళో చెప్పెయ్యచ్చు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుడి గుడి ఉంది. పెళ్ళయిన నాటి నుంచి మద్రాసులో గడప దాటితే అరవమే మాట్లాడిన దాన్ని. సముద్రాలు దాటి వచ్చాక వీధిలో తెలుగు వినపడడం నాకు వింతగానే ఉండేది.

ఇంకో సంగతి గమనించాను. మేం వెళ్ళిన ప్రతి తెలుగు ఇంట్లోనూ ఒక కరివేపాకు కుండీ. చలికాలం మొదలయ్యేసరికి దాన్ని లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెడతారు. మార్చి దాకా అది ఇంట్లో మనిషే. మా అల్లుడు దానికి రోజూ నీళ్ళు పోసి, ఆకుల మీద దుమ్ము తుడిచేవాడు. ఆ మొక్క మీద ఉన్న శ్రద్ధ ఇల్లు కట్టినవాడికి ఇంటి పైపుల మీద ఉంటే ఈ కథ రాసే పనుండేది కాదు.

ఆ ఇంటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డల్లాసు భూమధ్యరేఖకి ఎంత దూరంలో ఉందంటే, మన జమ్మూ ఎంత ఉందో దాదాపు అంత. కానీ అక్కడివాళ్ళ భయమంతా ఎండ గురించే. జూలై ఆగస్టుల్లో 40 డిగ్రీలు మామూలు. మామూలు చలికాలంలో పగలు 13, 14 డిగ్రీలుండి, రాత్రి రెండు మూడుకి దిగుతుంది. ఎప్పుడైనా ఒక రాత్రి గడ్డకట్టినా మర్నాడు ఎండ కాస్తుంది. అందుకని ఇళ్ళు ఎండని తట్టుకునేట్టు కడతారు. అమెరికా ఉత్తరాది ఇళ్ళకి నేల కింద ఒక అంతస్తు ఉంటుంది. నీళ్ళ పైపులు అందులోంచి వచ్చి, ఇంటి మధ్య గోడల్లో, వెచ్చటి చోట నడుస్తాయి. టెక్సాస్‌లో నేల మీద కాంక్రీటు పలక పరిచి, దాని మీదే చెక్కలతో ఇల్లు లేపుతారు. గోడ అంటే రెండు జిప్సం పలకలు, మధ్యలో డొల్ల. తడితే డోలులా మోగుతుంది! అలాంటి ఇళ్ళలో చాలావాటికి నీళ్ళ పైపులు గదుల పైకప్పుకీ ఇంటి పెంకుకీ మధ్య ఉండే అటకలోంచి పోతాయి. ఆ అటకకి గాలి ఆడేందుకు సందులుంటాయి, ఎండాకాలపు వేడి బయటికి పోవాలి కదా. గదిని కాపాడే దూది అటక నేల మీద పరుస్తారు. దూది కింద గది వెచ్చగా ఉంటుంది, దూది పైన ఉన్న పైపు బయట ఉన్నట్టే లెక్క. నీళ్ళు కాచే బాయిలరు కూడా ఆ అటకమీదే. మొదటిసారి చూసినప్పుడు మావారు, “నెత్తిన నీళ్ళకుండ పెట్టుకుని పడుకుంటున్నారే వీళ్ళు!” అన్నారు. నవ్వుకున్నాం.

ఇక మా సంగతి. మద్రాసులో నీళ్ళ కష్టం ఎరిగిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కృష్ణా నీళ్ళు పూండికి చేరిన 1996కి ముందూ చూశాం, తరవాతా చూశాం. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, నాలుగు చెరువులూ అడుగంటిన రోజుల్లో మా వీధికి లారీ రావడానికి టోకెన్లు. రాత్రి రెండింటికి హారన్ వినపడితే రంగురంగుల ప్లాస్టిక్ కొడాలు పట్టుకుని పరుగు. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి, గుడ్డలు ఉతికిన నీళ్ళు దొడ్లోకి. కుళాయి కారుతుంటే నాకు నిద్ర పట్టదు. పట్టకపోవడం అంటే మాట వరసకి కాదు. లేచి వెళ్ళి కట్టేస్తే గానీ కన్ను మూతపడదు. హోటల్లో ఉన్నా అంతే, పెళ్ళివారింట్లో ఉన్నా అంతే.

ఫిబ్రవరి రెండో వారం మొదట్నుంచీ టీవీలో చలిగాలి వస్తోందని చెబుతూనే ఉన్నారు. పదకొండో తేదీ గురువారం పొద్దున ఫోర్ట్‌వర్త్ దగ్గర రోడ్డు మీద కనపడని మంచు పొర కట్టి, వందకి పైగా బళ్ళు ఒకదానికొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అప్పటినుంచీ ఇంట్లో అందరం టీవీకి అతుక్కుపోయాం. టెక్సాస్‌లో ఉన్న 254 కౌంటీలకీ ఒకేసారి మంచు తుఫాను హెచ్చరిక ఇచ్చారు. మా అల్లుడు బయట గోడకి ఉన్న కుళాయిలకి తెల్లటి నురగ టోపీలు తొడిగాడు. తోటకి నీళ్ళు పెట్టే గొట్టం ఊడదీసి గరాజులో పెట్టాడు. వంటింటి సింకు కింద, బాత్‌రూముల్లో సింకుల కింద అలమార తలుపులు బార్లా తెరిచాడు, గదిలో వెచ్చదనం పైపులకి తగలాలని. ఇదంతా బాగానే ఉంది. తరవాత అన్ని కుళాయిలూ సన్నగా, పెన్సిలు ములుకంత ధారగా వదిలిపెట్టాడు.

“బాబూ, కుళాయిలు కారుతున్నాయి” అన్నాను.

“కావాలనే వదిలాను అత్తయ్యగారూ. కదిలే నీళ్ళు తొందరగా గడ్డకట్టవు. కట్టకండి.”

అలాగే అన్నాను. కానీ ఆ రాత్రి ఆ చప్పుడు వింటూ పడుకుంటే నా లోపల ఏదో పిండేసినట్టుంది. మూడు బాత్‌రూములు, వంటిల్లు, గుడ్డలు ఉతికే గది. గంటకి ఎన్ని చెంబులో మనసులో లెక్క కట్టాను. ఒక ధార కింద బక్కెట్టు పెట్టి పొద్దున దాంతో గచ్చు తుడుస్తానంటే అమ్మాయి నవ్వి, “నీ ఇష్టం” అంది.

పధ్నాలుగో తేదీ ఆదివారం మంచు పడింది. నా డెబ్భై ఏళ్ళ వయసులో మంచు కురవడం చూడడం అదే మొదలు. చప్పుడు లేకుండా పడుతుంది. అదే ఆశ్చర్యం. వాన అంటే మనకి ముందు చెవులకి తెలుస్తుంది కదా. కిటికీ దగ్గర బాబుని ఎత్తుకుని గంటసేపు నిలబడ్డాను. మావారు స్వెట్టరు మీద అల్లుడి కోటు వేసుకుని పెరట్లో ఫొటోలు తీయించుకున్నారు. సాయంత్రానికి నాలుగంగుళాలు పరుచుకుంది. మంగళవారం శ్రీపంచమి, పైగా బాబుకి ఇరవై ఒకటో రోజు. ఉయ్యాల్లో వేసి, మద్రాసు నుంచి, విజయవాడ నుంచి అందరూ కంప్యూటర్లో చూసేట్టు ఏర్పాటు చేసుకున్నాం. నేను ఆ రాత్రే శనగలు నానబోశాను.

అర్ధరాత్రి దాటాక, సోమవారం ఒంటిగంటన్నర ప్రాంతంలో, టెక్సాస్ అంతటా కరెంటు తీసెయ్యడం మొదలుపెట్టారు. మాకది పొద్దున లేచాకే తెలిసింది, ముక్కు చల్లబడి మెలకువ వచ్చింది. చలికి అందరూ హీటర్లు వేసుకోవడంతో వాడకం పెరిగింది. అదే సమయానికి గ్యాసు బావులూ, గ్యాసు గొట్టాలూ, విద్యుత్ కేంద్రాలూ చలికి మూలపడ్డాయి. టెక్సాస్‌లో చాలా భాగానికి సొంత విద్యుత్ వ్యవస్థ, మిగతా అమెరికాతో దాదాపు తెగతెంపులే. పక్కవాడి దగ్గర అప్పు పుట్టదు. ఆ రాష్ట్రంలోనే పడమటి కొసన ఉన్న ఎల్‌పాసో వేరే వ్యవస్థలో ఉండడం వల్ల తేలిగ్గా బయటపడింది. ఆ రాత్రి మొత్తం వ్యవస్థ కూలిపోవడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఉందని తరవాత అధికారులు చెప్పారు. కూలి ఉంటే వారాల తరబడి చీకటే. 45 లక్షలకి పైగా ఇళ్ళకి కరెంటు పోయింది. మద్రాసులో కరెంటు కోతలు చూడని వాళ్ళమా? కానీ మా కోతలు చెమటలు పట్టించేవి. ఇక్కడ కరెంటు పోతే ఇల్లే ఐసుపెట్టె అయిపోతుంది.

వస్తుందన్న గంటకి రాలేదు. వచ్చినా నలభై నిమిషాలుండి పోయేది. హాల్లో గోడ మీద ఉన్న ఉష్ణోగ్రత డబ్బా సెల్సియస్ లెక్కలో 8 చూపించింది. తల్లినీ బిడ్డనీ ఇంటి మధ్యలో ఉన్న చిన్న గదిలోకి మార్చి, తలుపుల కింద సందుల్లో నా పాత చీరలు కుక్కి, అందరం అక్కడే చేరాం. స్టవ్ గ్యాసుది కాబట్టి అగ్గిపుల్లతో వెలిగించి చారూ అన్నం చేశాను. కాయం ఉండలు చేసి పెట్టాను. నాకప్పుడొక ఆలోచన వచ్చింది. పెరట్లో మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యి ఉంది. దాన్ని లోపలికి తెచ్చి గదిలో కుంపటిలా పెడితే? మా అమ్మ నా పురుటికి పెట్టింది, నాయనమ్మ అమ్మకి పెట్టింది. అల్లుడు ఎన్నడూ గొంతు పెంచడు, ఆ రోజు పెంచాడు. “వద్దు అత్తయ్యగారూ! చచ్చిపోతాం!”

నాకు చివుక్కుమంది. కానీ అతనన్నది అక్షరాలా నిజం. మన పాత ఇళ్ళకి పెంకుల సందులూ, కిటికీ చువ్వలూ ఉండేవి, విషవాయువు బయటికి పోయేది. ఈ ఇళ్ళు సీసా మూత పెట్టినట్టు బిగుతుగా ఉంటాయి. కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. ఆ వారంలో ఇళ్ళల్లో బొగ్గులు రాజేసుకుని, గరాజుల్లో కార్లు నడిపించుకుని వెచ్చదనం కోసం చూసిన వాళ్ళు ఎందరో ఆ గాలికి బలైపోయారు. మొత్తం ఆ చలి వల్ల టెక్సాస్‌లో 246 మంది చనిపోయారని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ తేల్చింది. అంతా తరవాత చదివాను. ఆ క్షణాన మాత్రం, బాలింతకి కుంపటి వద్దనే మగవాడిని మొదటిసారి చూస్తున్నాననుకున్నాను.

సోమవారం రాత్రి సంగతి ఇక చెప్పాలి. మూడు గంటలప్పుడు బాబు ఏడిస్తే లేచాను. వాడిని ఊరుకోబెట్టి, అమ్మాయికి దుప్పటి సర్ది, మా బాత్‌రూముకి వెళ్ళాను. ఇంటికి ఉత్తరపు కొస అది, మేం పడుకునే గదికి ఆనుకుని ఉంది. చీకట్లో ధార పడుతోంది. నా మనసులో కుంపటి మాట ఇంకా మెలిపెడుతూనే ఉందేమో తెలియదు. లేక అరవై ఏళ్ళ అలవాటేమో. చెయ్యి తనంతట తాను వెళ్ళింది. కట్టేశాను. చప్పుడు ఆగిపోయింది. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! వచ్చి పడుకుంటే ఆదివారం తరవాత మొదటిసారి నిద్ర పట్టింది.

మంగళవారం పొద్దున డల్లాసు విమానాశ్రయం దగ్గర వాళ్ళ లెక్కలో సున్నాకి రెండు డిగ్రీలు కిందికి, మన లెక్కలో మైనస్ 19కి పడింది. 1949 తరవాత అంత చలి అక్కడ లేదట. పళ్ళు తోముకుందామని వెళ్ళి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. నాకు అర్థమైంది. మిగతా కుళాయిలన్నీ చూసుకుని వచ్చాను, అవి ధారగా పడుతూనే ఉన్నాయి. మా కుళాయి ఒక్కటే. ఎవరూ చూడకుండా దాన్ని కొంచెం తెరిచి, అంతకు ముందు ఎలా ఉందో అలా పెట్టి బయటికి వచ్చాను. అదీ నేను చేసిన రెండో పని. మొదటిదానికి అలవాటని చెప్పుకోవచ్చు. దీనికి పేరు పెట్టడం కష్టం.

అల్లుడు వచ్చి చూసి, తెరిచే ఉన్న కుళాయిని మళ్ళీ తిప్పి, “నేనే సరిగ్గా వదల్లేదేమో” అన్నాడు. ఉయ్యాల ఉత్సవం ఏ కంప్యూటరూ లేకుండా, దుప్పట్లు కప్పుకుని ఐదుగురమే చేసుకున్నాం. అక్షింతలు వేసే చేతులకి గ్లవ్సులు!

పైపు ఎలా పగులుతుందో ఎదురింటి పెద్దాయన నాకు తరవాత విడమరచి చెప్పారు. ఆయన మిన్నెసోటాలో పుట్టి పెరిగి, చలి పడక ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ మనిషి. నీళ్ళు గడ్డకడితే వందకి తొమ్మిది వంతులు ఉబ్బుతాయి. అందుకని ఐసున్న చోటే పైపు చీలుతుందని నేను అనుకునేదాన్ని. చాలాసార్లు అక్కడ కాదట. పైపులో ఒకచోట ఐసు బిరడాలా పట్టేస్తుంది. ఆ బిరడాకీ మూసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ళకి పోవడానికి దారి ఉండదు. ఐసు పెరిగే కొద్దీ వాటిని తోస్తుంది. ఒత్తిడి విపరీతంగా పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పైపు విచ్చుకుంటుంది. కుళాయి రవ్వంత తెరిచి ఉంటే ఆ నీళ్ళకి ఊపిరాడుతుంది. ఐసు పట్టినా పైపు బతకవచ్చు. కారే కుళాయిలో ఉన్న రహస్యం అదన్నమాట. బయట మైనస్ 7 దాటి పడిపోతే అటకల్లో పైపులకి గండమని ఇల్లినాయి విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగాలు చేసి చెప్పారట. మాకు పడింది మైనస్ 19.

పగిలిన సంగతి అప్పుడే తెలియదు. అదే దీనిలో మోసం. చీలిన చోట ఐసే మూతలా ఉంటుంది. చలి ఉన్నన్నాళ్ళూ చుక్క కారదు. పెద్దాయన మంగళవారమే వాకిట్లో నిలబడి, “ఒక కుళాయి ఆగిపోయిందంటే మీటరు దగ్గర నీళ్ళు కట్టేసి, మిగతా కుళాయిలు తెరిచి ఇల్లంతా ఖాళీ చేసుకోండి” అన్నారు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నీళ్ళు లేకుండా ఎలా అని మేం వినలేదు. బక్కెట్లూ గిన్నెలూ నింపుకుని కట్టేసుంటే సరిపోయేది.

బుధవారం నుంచి కరెంటు కాసేపు ఎక్కువ నిలబడింది, గురువారానికి కుదుటపడింది. పంతొమ్మిదో తేదీ శుక్రవారం నీలాకాశం, ఎండ. పెంకుల మీద మంచు కరిగి చూరు వెంట బొట్లు పడుతున్నాయి. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. మధ్యాహ్నం నేను పప్పుకి తాలింపు వేస్తుంటే భోజనాల బల్ల మీద కప్పు లేత టీ రంగుకి తిరిగింది. చూస్తుండగానే బొడ్డులా ఉబ్బింది. అమ్మాయి బాబుని పక్క గదిలోకి తీసుకుపోయింది, ఎవరు చెప్పారో ఏమో. తరవాత బస్తా జారవిడిచినట్టు ధబ్బున ఒక పలక పడింది. వెనకే తడిసిన గులాబీ రంగు దూది, దాని వెనక నీళ్ళు. ధార కాదు, మద్రాసులో లారీ వెనక గొట్టం ఊడిపోతే ఎలా పడతాయో అలా.

నీళ్ళు కట్టేద్దామంటే మీటరు ఎక్కడో ఎవరికీ తెలియదు. ఇల్లు కొన్న నాలుగేళ్ళలో ఆ అవసరం రాలేదు. రోడ్డు వార గడ్డిలో ఇనుప మూత కింద ఉంటుంది. ఆ రోజు గడ్డీ లేదు, మూతా లేదు, అంతా గడ్డకట్టిన మంచు. అల్లుడు చెప్పుల్లేకుండా పరిగెత్తి పారతో గీకుతున్నాడు. పెద్దాయనే పొడుగాటి ఇనుప తాళపు చెవి ఒకటి పట్టుకుని వచ్చి, తన మీటరు ఎక్కడుందో దాని ఎదురుగా అడుగులు లెక్కపెట్టి, ఒక చోట బూటుతో తన్ని మూత బయటపెట్టి, తిప్పేశారు. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఇంట్లో చీలమండ దాకా నీళ్ళు. ఒక చెంబుడు నీళ్ళు మిగులుద్దామని నేను చేసిన పనికి ఎన్ని వందల లీటర్లు పోయాయో, లెక్క కట్టడానికి ఈసారి మనసు రాలేదు.

తరవాత ఐదు రోజులు నీళ్ళు లేవు. ప్లంబరు దొరకలేదు. ఊరూరా అదే కథ, ఇతర రాష్ట్రాల నుంచి ప్లంబర్లని రానివ్వడానికి ప్రభుత్వం నిబంధనలు సడలించింది. పైపు కొసకి తాత్కాలికంగా బిగించే చిన్న బిరడా కోసం అల్లుడు నాలుగు కొట్లు తిరిగాడు, అన్నీ ఖాళీ. రాష్ట్రంలో కోటి మందికి పైగా నీళ్ళు కాచుకు తాగమన్నారు. మరుగుదొడ్డిలో పొయ్యడానికి, పెరట్లో నీడన మిగిలిన మంచు బక్కెట్టు నిండా తెచ్చి కరిగిస్తే అడుగున రెండు చెంబులు తేలింది. చూడడానికే నిండుగా ఉంటుంది మంచు! రెండిళ్ళ అవతల గుంటూరు వాళ్ళమ్మాయి ఇంట్లో నీళ్ళు వస్తున్నాయి. వాళ్ళింటి నుంచి పెద్ద తపేలా చంకన పెట్టుకుని, అమెరికా వీధిలో కాలిబాట మీద నేను నీళ్ళు మోశాను. అటు పోయే కారు ఒకటి ఆగి చూసింది. మావారు చిన్న గిన్నె పట్టుకుని వెనక వస్తూ, “మన వీధిలోకే వచ్చినట్టుంది” అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మావారికి ముందే చెప్పేశాను. “చెప్పి ఏం చేస్తావు, జరిగిందేదో జరిగింది” అన్నారు. కానీ శనివారం రాత్రి పక్క గదిలో అమ్మాయి గొంతు వినపడింది. “అన్ని కుళాయిలూ చూశానన్నావు, అమ్మా నాన్నా ఉన్న గదిదే మర్చిపోయావు” అంటోంది. అతను ఏమీ అనలేదు. సోమవారం బీమా కంపెనీ మనిషి ఫోను. కుళాయిలన్నీ వదిలారా అని అడుగుతున్నాడు. “ఒకటి సరిగ్గా వదల్లేదనుకుంటాను” అన్నాడు అల్లుడు. ఆ పక్కనే బాబుకి ఒళ్ళు తుడుస్తున్నాను.

ఫోను పెట్టేశాక చెప్పాను. “నువ్వు సరిగ్గానే వదిలావు బాబూ. రాత్రి మూడింటికి నేనే కట్టాను. పొద్దున నీకు తెలియకుండా మళ్ళీ తిప్పాను.”

అమ్మాయి నా వంక ఒక్కసారి చూసి బాబుని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. కుళాయి కట్టినందుకు కాదు, నాకు తెలుసు. అల్లుడు మర్నాడు బీమా వాళ్ళకి తనే ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వాళ్ళేమీ పట్టించుకోలేదు. మొదటి రెండు వేల డాలర్లు మనవి, మిగతాది వాళ్ళు ఇచ్చారు. ఆ రెండు వేలూ మేం ఇస్తామని మావారు అంటే అల్లుడు తల అడ్డంగా ఊపి, “మా అమ్మ ఉన్నా కట్టేసేది మామయ్యగారూ” అన్నాడు. వాళ్ళది అనంతపురం.

ప్లంబరు కుర్రవాడు వచ్చి పైపు ముక్క కోసి చేతిలో పెట్టాడు. రాగి పైపు. చేప నోరు తెరిచినట్టు రెండంగుళాల చీలిక. నా చిటికెన వేలు పట్టలేదు. ఇంత చీలిక లోంచి అన్ని నీళ్ళా! ఇప్పుడు కొత్తగా వేసేవి ప్లాస్టిక్ పైపులు, కొంత సాగుతాయి కాబట్టి తొందరగా పగలవట. అతుకుల దగ్గర మాత్రం భయమేనన్నాడు. అటకలో ఉన్న పైపులన్నిటికీ నురగ తొడుగు వేయించి, మీద దూది కప్పించారు. మీటరు మూత పక్కన ఒక ఎర్ర ఇటుక పాతి గుర్తు పెట్టారు. ఇనుప తాళపు చెవి కొని గరాజు తలుపు వెనక తగిలించారు.

మన సంఘంలో పిల్లలు డల్లాసు, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు ఉన్న వాళ్ళు చాలామందే ఉన్నారు. చలికాలంలో వెళ్ళేవాళ్ళు స్వెట్టర్లు రెండు ఎక్కువ పెట్టుకోండి, వెళ్ళిన మర్నాడే ఇంటి నీళ్ళు ఎక్కడ కట్టాలో అడిగి చూసుకోండి. గడ్డకట్టిన పైపు చేతికి అందేచోట ఉంటే జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో కుళాయి వైపు నుంచి మెల్లగా వెచ్చబెట్టవచ్చు. మంట మాత్రం చూపించకూడదు, గోడల్లో ఉన్నదంతా చెక్కే. కుంపటి సంగతి చెప్పనే చెప్పాను. ఆ తుఫాను తరవాత అదే ఏడాది టెక్సాస్ ప్రభుత్వం విద్యుత్ కేంద్రాలు చలికి తట్టుకునే ఏర్పాట్లు చేసి తీరాలని చట్టం తెచ్చింది. 2011 ఫిబ్రవరిలో ఇలాంటిదే వచ్చినప్పుడు చెయ్యమని సలహా ఇచ్చి వదిలేశారట. పదేళ్ళు పట్టింది. మాది ఒక్క రాత్రి పని.

2022 డిసెంబరులో, క్రిస్మస్‌కి ముందు, మళ్ళీ గడ్డకట్టే చలి వస్తోందని వార్త వచ్చింది. మాకిక్కడ పొద్దున్నే ఫోను మోగింది. అమ్మాయి తెర మీద కనిపించకుండా ఫోను సరాసరి మా పాత బాత్‌రూములోకి తీసుకెళ్ళింది. కుళాయి సన్నగా పడుతోంది. దాని కింద నేను మోసిన తపేలా. అంచు మీద రెండేళ్ళ మనవడు చేతులు పెట్టి నిలబడి ఉన్నాడు.

“చూశావా? నిండగానే కరివేపాకుకి పోస్తున్నాం” అంది. “వీడు గంటకోసారి వచ్చి చూస్తున్నాడు. కట్టబోతే చెయ్యి పట్టుకుని లాగాను. ఎవరి పోలికో!”